అమెచ్యూరు రేడియో పరీక్షకు మన పిల్లలు చదువవలసిన తీరు

రేడియో వినుట మన యిండ్లలో అందఱికిని అలవాటైన పనియే. రేడియోలో మాటలాడుట మాత్రము ఆకాశవాణివారి పనియనియో, పోలీసువారి పనియనియో, ఓడలను విమానములను నడపువారి పనియనియో తలచుచుందుము. పండ్రెండేండ్లు నిండిన విద్యార్థియైనను, అరువదేండ్లు దాటిన తాతగారైనను ప్రభుత్వమువారి పరీక్ష యొకటి నెగ్గి, లైసెన్సు పొంది, తమ యింటినుండియే దూరదేశములవారితో మాటలాడవచ్చునను సంగతి తెలిసినవారు కొలదిమంది మాత్రమే. దీనిని అమెచ్యూరు రేడియో యందురు. దీనియందు కృషిచేయువారిని 'హామ్' అని పిలుచుట లోకమంతట వాడుక. ధనము కొఱకు కాక, స్వయముగా విద్య గడించుటకును, ఒండొరులతో సంభాషించుటకును, ప్రయోగములు చేయుటకును ఏర్పడిన వ్యాసంగమిది.

ఈ పరీక్షను గూర్చి తలిదండ్రులకు నాలుగు మాటలు చెప్పవలెనని మేము పూనుకొనుటకు కారణము కలదు. గడచిన విద్యాసంవత్సరమున మా పాఠశాలలో అయిదుగురు పిల్లలు ఈ పరీక్షకు చదివెదమని ముందునకు వచ్చిరి. మేమును సంతోషించి, ప్రశ్నలును వాని జవాబులును గల పుస్తకమొకటి సంపాదించి వారి చేతికిచ్చితిమి. మూడు వారములలో వారు దానిని పూర్తిగా అప్పజెప్పగలిగిరి. పిదప మేము పరీక్ష యొకటి పెట్టి, అవే ప్రశ్నలలో అంకెలు మార్చి, జవాబుల వరుస మార్చి యిచ్చితిమి. అందఱికంటె చుఱుకైన బాలిక కాగితము చూచి, "మాస్టారూ, దీనికి మూడవ జవాబు గదండీ! ఇక్కడ మూడవది వేరుగా ఉన్నదేమి?" అని యడిగినది. జవాబుండు చోటు ఆమెకు తెలిసినది గాని జవాబు తెలియలేదు. తప్పు ఆమెది కాదు, మాది.

ఆ సాయంకాలము ఆమె తండ్రిగారు వచ్చి, "తెలుగు బడిలో చదువుకొనే పిల్లకు ఈ ఇంగ్లీషు పరీక్ష ఎందుకండీ? బడి చదువు చాలదా?" అని అడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. ఆయనకును, ఆయనవలె సందేహించు తక్కిన తలిదండ్రులకును మేమిచ్చు సమాధానమే యీ వ్యాసము.

ఈ విద్యవలన ప్రయోజనము

2004వ సంవత్సరము డిసెంబరు మాసమున హైదరాబాదులోని జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థ పక్షమున శ్రీమతి భారతీ ప్రసాద్ గారి నాయకత్వమున హామ్‌ల బృందమొకటి అండమాను దీవులలోని పోర్టుబ్లెయిరు నగరమునకు పోయినది. ఆ దీవులనుండి చాలకాలముగా అమెచ్యూరు ప్రసారములు లేకుండుటచే ప్రపంచమందలి హామ్‌లు వారి పిలుపు వినుటకై ఉవ్విళ్ళూరుచుండిరి. డిసెంబరు 26వ తేదీ ఉదయమున భూకంపమును, దాని వెంట సునామీయు వచ్చెను. టెలిఫోను మార్గములు తెగిపోయెను. వేడుక కొఱకు కొనిపోయిన యంత్రములే అప్పుడు ఆపద్బాంధవులయ్యెను. దీవులలోని జనుల క్షేమసమాచారములను ఆ బృందమువారు ప్రధాన భూభాగమునకు అందజేయుచు వచ్చిరి.

ఈ సంగతిలో తలిదండ్రులు గమనింపదగినది ఒకటి కలదు. ఆపద వచ్చిన నాడు పుస్తకము తెఱచి చూచుకొనుటకు అవకాశముండదు. ఏ పౌనఃపున్యమున పిలిచిన ఎంతదూరము వినబడునో, ఉన్న తీగతో ఏరియల్ ఎట్లు కట్టవలెనో, బ్యాటరీ యెంతసేపు వచ్చునో, ఎవరికి ముందు దారి యియ్యవలెనో అప్పటికప్పుడే తెలిసియుండవలెను. పరీక్షలో అడుగబడునవియు సరిగా ఇవియే. కావున కంఠస్థము చేసి నెగ్గినవానికి లైసెన్సు చేతికి వచ్చును గాని విద్య చేతికి రాదు.

మన నగరము, ఈ విద్య

బెంగళూరున నివసించు పిల్లలకు ఈ విద్య దూరపు వస్తువు కాదు. మనకు చేరువలోని మైసూరునందే 1935లో మనశ్శాస్త్రాచార్యులు ఎం. వి. గోపాలస్వామి గారు తమ గృహమునుండి 30 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటరుతో రేడియో ప్రసారములు ప్రారంభించిరి. 'ఆకాశవాణి' యను పేరు ఆ కేంద్రమునకు కలిగి, తరువాత దేశమంతటి రేడియోకు వ్యాపించినది. బెంగళూరు అమెచ్యూరు రేడియో క్లబ్బు 1959లో స్థాపింపబడినది. ఈ పరీక్షకు శిక్షణ యిచ్చు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హామ్స్ అను సంస్థయు ఈ నగరముననే కలదు.

అంతకంటె మనకు గర్వకారణమైన సంగతి మఱియొకటి. హామ్‌ల కొఱకే నిర్మింపబడిన 'హామ్‌శాట్' అను 42.5 కిలోగ్రాముల చిన్న ఉపగ్రహమును బెంగళూరులోని ఇస్రోవారి ఉపగ్రహ కేంద్రమున తయారుచేసిరి. 2005 మే 5వ తేదీన అది శ్రీహరికోటనుండి, అనగా తెలుగు గడ్డనుండి, ఆకాశమున కెగసినది. అందు హామ్‌ల మాటలను అందుకొని మరల నేలకు పంపు పరికరములు రెండుండెను. ఒకటి మనదేశములో చేయబడినది, రెండవది హాలెండు దేశపు విద్యార్థి యొకడు చేసినది. ఉపగ్రహము 2014వ సంవత్సరము వఱకు పనిచేసి, బ్యాటరీ చెడుటచే నిలిచిపోయెను. విద్యార్థి చేతిపని ఉపగ్రహములో తొమ్మిదేండ్లు పనిచేసినదని చెప్పగా మా పిల్లల కన్నులు మెఱసినవి.

పరీక్ష యొక్క స్వరూపము

కేంద్ర ప్రభుత్వ కమ్యూనికేషన్ల మంత్రిత్వ శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగమువారు 1978 నాటి నియమములను, వానికి జరిగిన సవరణలను అనుసరించి ఈ పరీక్షను జరుపుచు వచ్చిరి. శ్రేణులు రెండు. మొదటిది రిస్ట్రిక్టెడ్ శ్రేణి. క్రొత్తవారికి ఇదియే ప్రవేశద్వారము. రెండవది జనరల్ శ్రేణి. దీనికి మోర్సు సంకేతములను నిమిషమునకు ఎనిమిది మాటల వేగముతో పంపుటయు, అందుకొనుటయు అదనముగా రావలెను. మొదటి శ్రేణివారి సంకేతనామములు వీయూ3 అనియు, రెండవ శ్రేణివారివి వీయూ2 అనియు ప్రారంభమగును. వీయూ యను అక్షరములు వినగానే పిలుచువాడు భారతదేశమువాడని ప్రపంచమంతట గుర్తింతురు.

ప్రవేశ శ్రేణి పరీక్షయందు భాగములు రెండు. ఒకటి రేడియో సిద్ధాంతము, రెండవది రేడియో నియమములు. ఒక్కొక దానికి 50 మార్కులు. భాగము భాగమునకు నూటికి 40 వంతునను, మొత్తము మీద నూటికి 50 వంతునను రావలెను. ఇందలి చిక్కు చాలమందికి తట్టదు. ఒకానొక బాలుడు సిద్ధాంతమున 45 మార్కులు, నియమములలో 18 మార్కులు తెచ్చుకొనెననుకొందము. మొత్తము 63 వచ్చినది. అయినను అతడు తప్పినట్లే. ఏలయన నియమముల భాగమున 20 మార్కులు నిండలేదు. యంత్రమెంత తెలిసినను, దానిని వాడు మర్యాద తెలియనివానికి లైసెన్సు లేదని ఈ యేర్పాటు యొక్క అర్థము.

సిద్ధాంతమును ఇంట తెలుగున చెప్పుకొనుట

మొదటి తప్పు తెలిసిన తరువాత మేము పుస్తకము మూసి, రెండు మాసములు తెలుగులోనే పాఠము చెప్పితిమి. ఆ పాఠములు తలిదండ్రులు ఇంటను చెప్పదగినవే. కొన్నింటిని ఇచట వ్రాయుచున్నాము.

మిద్దెమీది నీటితొట్టి యెంత యెత్తుననుండిన కొళాయిలో నీటికంత వడి. ఆ యెత్తు వంటిది వోల్టు. గొట్టములో పాఱు నీటి పరిమాణము వంటిది ఆంపియరు. గొట్టము సన్నమైన కొలది పాఱుదలకు కలుగు అడ్డంకి వంటిది ఓమ్. వోల్టులను ఓమ్‌లచే భాగించిన ఆంపియర్లు వచ్చును. 12 వోల్టుల బ్యాటరీకి 6 ఓమ్‌ల నిరోధము తగిలించిన 2 ఆంపియర్లు పాఱును. వోల్టులను ఆంపియర్లచే గుణించిన 24 వాట్లు ఖర్చగును. నిరోధమును 3 ఓమ్‌లకు తగ్గించిన ఏమగునని పిల్లలను అడుగుడు. పాఱుదల రెండింతలై 4 ఆంపియర్లగును, ఖర్చు 48 వాట్లగును. ఇది తనంతట చెప్పిన పిల్లవానికి ఏ అంకె మార్చియిచ్చినను భయము లేదు.

రెండవది తరంగము. 300ను మెగాహెర్ట్జుల సంఖ్యచే భాగించిన తరంగదైర్ఘ్యము మీటర్లలో వచ్చును. బెంగళూరు ఆకాశవాణి మధ్యమ తరంగము 612 కిలోహెర్ట్జులని పెద్దలకు పరిచితమే; అనగా 0.612 మెగాహెర్ట్జులు, తరంగము పొడవు సుమారు 490 మీటర్లు. హామ్‌లకు కేటాయింపబడిన 144 నుండి 146 మెగాహెర్ట్జుల నడుమ, 145 వద్ద లెక్కించిన రెండు మీటర్లకు కొంచెము పైన. అందుచేతనే దానిని రెండు మీటర్ల బ్యాండు అందురు. ఏరియల్ పొడవు తరంగములో నాలుగవ వంతుండిన చాలును గనుక అర మీటరు కడ్డీతో పని నెఱవేఱును. అదే 14.2 మెగాహెర్ట్జులకు అర్ధతరంగపు ఏరియల్ కట్టవలెననిన లెక్కకు 10 మీటర్లన్నర వచ్చును. తీగ చివరల ప్రభావముచే నూటికి అయిదు వంతులు తగ్గించి, సుమారు 10 మీటర్లు కోయుదురు. మన మిద్దె మీద అంత తీగకు చోటున్నదా యని కొలిచి చూచుటయే మంచి పాఠము.

మూడవది తరంగముల ప్రయాణము. ఇందుకు మన తెలుగు కుటుంబముల అనుభవమే చక్కని యుదాహరణము. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జులపై చేయు ప్రసారమును, అయిదు వందల కిలోమీటర్లకు మించిన దూరముననున్న బెంగళూరులో పగటివేళ పట్టబోయిన గరగర తప్ప మఱేమియు వినబడెడిది కాదు. చీకటిపడిన తరువాత, ఒకప్పుడు హెచ్చుచు ఒకప్పుడు తగ్గుచు, తెలుగు మాట తెరలు తెరలుగా వచ్చెడిది. పెద్దలు రేడియోను కిటికీకడకు జరిపి, ఇటు అటు త్రిప్పి చెవియొగ్గెడివారు. ఎందుచేత రాత్రివేళనే వినబడెను? సూర్యకాంతిచే పగలు ఆకాశమున ఎత్తుగానున్న అయనావరణము నడుగుభాగమున 'డి' అను పొర యేర్పడి మధ్యమ తరంగములను మ్రింగివేయును. సూర్యుడస్తమింపగా ఆ పొర అంతరించును. అప్పుడు పైపొరలు ఆ తరంగములను నేలవైపు మరలించును. ఇంటనున్న తాతగారిని అడిగి తెలిసికొనిన బాలుడు ఈ ప్రశ్నకు జవాబును ఎన్నటికి మఱవడు.

రెండు మీటర్ల బ్యాండు తరంగములు సాధారణముగా అట్లు మరలిరావు. ఇంచుమించు చూపు సాగినంతదూరమే పోవును. 9 మీటర్ల ఎత్తున ఏరియల్ నిలిపిన రేడియో దిగంతము సుమారు 12 కిలోమీటర్లు. ఎత్తును నాలుగింతలు చేసి 36 మీటర్లకు పెంచిన దూరము రెండింతలై సుమారు 25 కిలోమీటర్లు మాత్రమగును. కొండలపైనను, ఎత్తైన కట్టడములపైనను మాటనందుకొని మరల పంపు రిపీటరు యంత్రములను నెలకొల్పుట ఇందులకే.

నియమములు, భాష

నియమముల భాగమును పిల్లలు చప్పనిదని విడిచిపెట్టుదురు. అది తగదు. హామ్ తన సంకేతనామము చెప్పకుండ మాటలాడరాదు. వ్యాపార విషయములు మాటలాడరాదు. పాటలు ప్రసారము చేయరాదు. ఇతరులకు తెలియకుండుటకై రహస్య సంకేతములు వాడరాదు. ఎప్పుడు ఎవరితో మాటలాడినదియు పుస్తకమున వ్రాసియుంచవలెను. ఆపదలోనున్నవాని పిలుపు వినబడినచో తన మాట ఆపి దారి యియ్యవలెను. ఆకాశము అందఱి సొత్తు. అందు ఒకడు తప్పుచేసిన పదిమందికి చెఱుపు. 1939లో యుద్ధము వచ్చినప్పుడు ఆనాటి ప్రభుత్వము హామ్‌ల ట్రాన్స్‌మిటర్లను అప్పగింపుమని ఆజ్ఞాపించినది. లైసెన్సు అనునది నమ్మి యిచ్చిన హక్కే గాని పుట్టుకతో వచ్చిన హక్కు కాదని పిల్లలకు తెలియవలెను.

ఇక భాషను గూర్చి. పరీక్షకు కావలసిన పుస్తకములు, పదములు ఆంగ్లమున నుండుట నిజమే. దానికి మేము కనుగొనిన ఉపాయము సులభమైనది. పిల్లవాడు ఒక నోటుపుస్తకమున పుట మధ్య గీత గీసి, ఎడమవైపు ఆంగ్లపదమును, కుడివైపు దాని పనిని తన తెలుగు మాటలలో వ్రాయవలెను. 'రెసిస్టరు' అని వ్రాసి ఎదుట 'నిరోధకము' అని మఱియొక కఠినపదము వ్రాసిన లాభము లేదు; 'విద్యుత్తు పాఱుదలకు అడ్డుపడి దానిని తగ్గించునది' అని వ్రాయవలెను. ఇట్టి మాటలు రెండు వందలు పట్టుపడినచో ప్రశ్నపత్రములోని ఆంగ్లము వెఱపింపదు. విషయము తెలుగున తెలిసినవానికి ఆంగ్లపదము పేరు మాత్రమే. తెలియనివానికి అది గోడ.

మఱియు, పరీక్ష భాష ఏదైనను, గాలిలోని భాష ఆంగ్లమే కానక్కఱలేదు. అందఱికి బహిరంగమైన సామాన్యభాష యుండవలెనని మాత్రమే నియమము. మన పిల్లలు కడపలోని హామ్‌తోనో, వరంగల్లులోని హామ్‌తోనో తెలుగున మాటలాడవచ్చును. తుమకూరువారితో కన్నడమున మాటలాడవచ్చును. మూడవవారు వచ్చి కలిసినప్పుడు అందఱికి తెలిసిన భాషకు మాఱుట మర్యాద. భాష తెలియని దేశమువాడు తగిలినప్పుడు క్యూ సంకేతములు తోడ్పడును. క్యూటీహెచ్ అనిన 'నేనున్న చోటు' అనియు, క్యూఆర్‌ఎమ్ అనిన 'ఇతరుల ప్రసారము అడ్డుపడుచున్నది' అనియు జపానువానికిని రష్యావానికిని ఒకేయర్థము. ఇంట ఒక భాష, వీథిలో ఒక భాష, కచేరీలో ఒక భాష మాటలాడుటకు అలవాటుపడిన బెంగళూరు తెలుగు పిల్లలకు ఇది క్రొత్త కాదు.

తలిదండ్రులు జాగ్రత్తపడవలసినవి

మొదట వినుట, పిదప మాటలాడుట. ఎస్. పి. రోడ్డు అంగళ్ళలో విడిభాగములు కొని చిన్న రిసీవరు కట్టుకొనుట మంచి ఆరంభము. చేతిలో పట్టుకొని మాటలాడు సెట్టును లైసెన్సు రాకముందే కొనియిచ్చి, "ఊరకే పరీక్షింపుము" అని పిల్లలను ప్రోత్సహింపకుడు. లైసెన్సు లేక వైర్‌లెస్ ప్రసారము చేయుట నేరము; 1933 నాటి చట్టము మొదలు 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము వఱకు ఈ విషయమున మార్పులేదు. పరీక్ష నెగ్గుటయు లైసెన్సు వచ్చుటయు వేఱువేఱు. నెగ్గినపిదప దరఖాస్తు పెట్టి, విచారణ ముగిసి, సంకేతనామము వచ్చువఱకు ఓర్పు వహింపవలెను. రుసుములు, దరఖాస్తు పద్ధతి కాలానుగుణముగా మాఱుచుండును గనుక ఆ విభాగమువారి తాజా ప్రకటన చూచుకొనుట మేలు.

ఏరియల్ కట్టునప్పుడు పెద్దవారు దగ్గఱనుండవలెను. కరెంటు తీగల చేరువకు ఏ తీగయు, ఏ కడ్డీయు పోరాదు. ఉఱుములు మెఱుపులు వచ్చినప్పుడు ఏరియల్‌ను యంత్రమునుండి విడదీయవలెను. పిల్లల చదువు చెడునేమో యని భయపడువారికి మేము చెప్పునది యిది: దినమునకు అరగంట చాలును, ఆ అరగంట భౌతికశాస్త్రమునకును, గణితమునకును, ఆంగ్లమునకును కూడ చెల్లును.

మా అయిదుగురు పిల్లలలో ముగ్గురు పరీక్షకు కూర్చుండిరి. ఇద్దఱు నెగ్గిరి. ఒక బాలుడు సిద్ధాంతమున మంచి మార్కులు తెచ్చుకొనియు నియమములలో తప్పెను. మేము ఆ భాగమునకు వాని మనస్సును చాలినంత త్రిప్పలేకపోతిమి. వాడు ఇప్పుడు మరల చదువుచున్నాడు. మూడవ జవాబు ఏదని అడిగిన బాలిక నెగ్గినది. లైసెన్సు కొఱకు ఎదురుచూచుచున్నది. ఈలోగా ఆమెయే క్రింది తరగతివారికి నీటితొట్టి పాఠమును తెలుగున చెప్పుచున్నది. ఆమె తండ్రిగారు మొన్న వచ్చి, మిద్దెమీద పది మీటర్ల తీగకు చోటు చూచితినని చెప్పిరి.

రానున్న సంవత్సరమున మఱికొందఱు పిల్లలను చేర్చుకొనవలెనని మా సంకల్పము. పిల్లలను పంపుడని మాత్రమే మేము కోరుట లేదు. మీలో విద్యుత్తు పని తెలిసినవారు, టెలిఫోను శాఖలోనో, కర్మాగారములలోనో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నవారు అనేకులు కలరు. వారమున కొకగంట వచ్చి, మీకు తెలిసినదానిని మీ తెలుగులో పిల్లలకు చెప్పుడు. అంతకంటె ఈ బడికి మీరు చేయగల సహాయము లేదు.